గెలుపు గీత దగ్గర తప్పుకునేవాడు

12 మార్చి 1954, శుక్రవారం
కర్నూలు

పరుగు జట్టు మానేసి తాలింఖానాలో కుస్తీ నేర్చుకుంటానని ఈరోజు డ్రిల్లు మాస్టరుతో చెప్పేశాను.

"మట్టిలో పొర్లేదానికేనా నీకు మూడేండ్లు నేర్పిచ్చింది?" అని అందరి ముందూ అరిచాడు.

ఏం నేర్పించాడు? తుంగభద్ర ఒడ్డున స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారబ్బాయికి ముందు పరిగెత్తి ఎదురుగాలికి అడ్డు కాయడం, గెలుపు గీత దగ్గర పక్కకు తప్పుకోవడం! కప్పు ప్రతిసారీ వాళ్ళింటికే పోయింది.

ఆ అబ్బాయి దిగులుగా అడిగాడు: "నువ్వు పోతే నా ముందర ఎవురు ఉరుకుతారప్పా?"

సిగ్గయినా లేదు!

గోదాలో అలా కుదరదు. వీపు మట్టికి తగిలితే ఎవరి కొడుకైనా ఓడినట్టే. ఉస్తాద్ రేపే రమ్మన్నాడు. సంతోషమే. కానీ, తప్పుకోవడానికి అలవాటు పడ్డ ఈ కాళ్ళు అక్కడ నిలబడతాయా...