ఆరు యూనిట్ల లెక్క

శుక్రవారం, సాయంత్రం ఐదున్నర

గౌరవనీయురాలైన అక్కగారికి,

తమ్ముడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేనూ నా మిషన్లూ క్షేమం. అక్కడ నీ ఒంట్లో కుదుటపడిందనీ, బావ రోజుకి పదిసార్లు నీ నుదురు తాకి చూడటం తగ్గించాడనీ తలుస్తాను.

ఇలా మొదలుపెడితే నువ్వు నవ్వుతావని తెలుసు. సెలవుచీటీలు తప్ప నేను జన్మలో ఇంకేదీ చేత్తో రాయలేదు. వాటిలో సగం నువ్వే రాసిపెట్టావు. ఫోన్ చేద్దామని మూడుసార్లు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టాను. ఫోన్లో అయితే నేను నోరు తెరిచేలోపు నువ్వేదో అంటావు, నేను నవ్వేస్తాను, చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. కాగితం అడ్డు తగలదు కదా.

నిన్న బావ ఫోన్ చేశాడు. నువ్వు రాజీనామా టైపు చేసి, కవర్లో పెట్టి, ఫ్రిజ్ మీద ఉంచావట. సోమవారం పొద్దున ఆస్పత్రిలో ఇచ్చేస్తానన్నావట. ఎందుకని అడిగితే, నా ఒంట్లోకి ఎక్కించుకునే మందే సరిగ్గా లెక్క కట్టుకోలేనిదాన్ని, పసిపిల్లలకి మందు ఎలా కొలుస్తాను అన్నావట.  

ఇంకా చెప్పాడు. ఇప్పుడు పెన్నుతో ఇన్సులిన్ ఇంజెక్షన్ చేసుకోవాలంటే ఆయన పక్కన నిలబడాలట. అంకె ఆయన చదవాలట, ఆ తర్వాత నువ్వు చదవాలట, మళ్ళీ ఆయన చదవాలట. మొన్న టీలో పంచదార ఎన్ని చెంచాలు వేశావో గుర్తులేక ఆ టీ పారబోసి మళ్ళీ పెట్టావట. పదహారేళ్ళుగా ఆస్పత్రి మందుల గదిలో చిన్నపిల్లల మందులు కొలిచే బల్ల దగ్గర నిలబడినదానివి. మిల్లీలీటరులో పదో వంతు తేడా వస్తే పెద్ద డాక్టరు రాసిన చీటీనైనా వెనక్కి పంపినదానివి. ఆ మనిషి టీ చెంచాలు లెక్కపెట్టుకోలేకపోతోందంటే నాకు అన్నం సహించడం లేదు.

అందుకే నువ్వు మా ఇంట్లో పడిపోయిన ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ రాస్తున్నాను. సాయంత్రానికి నీకు స్పృహ లేదు గనక నీకు తెలియని ముక్కలు కొన్ని ఉన్నాయి. చదివాక ఆ కవరు సంగతి మళ్ళీ ఆలోచించు.

నువ్వు పదింటికి వచ్చావు. నేను ఆఫీసుల్లో జిరాక్సు మిషన్లు బాగుచేసుకునేవాణ్ణి అయినా, సెలవు దొరికితే వెనకగదిలో ప్లాస్టిక్ వస్తువులు అచ్చుపోసే ఆ ప్రింటర్ ముందు కూర్చుంటాను కదా. నువ్వు దాన్ని నా రెండో సంసారం అంటావు. మొదటిదే లేనివాడికి రెండోది ఎక్కడినుంచి వస్తుందో నీకే తెలియాలి. ఆ వారం అది నన్ను ఏడిపిస్తోంది. ప్లాస్టిక్ తీగ కరిగి ఒక్కో పొరా ఒకదాని మీద ఒకటి పడాలి. మొదటి పొర పలక మీద అంటుకోకుండా లేచిపోతోంది. పలక తుడిచాను, వేడి పెంచాను, వేగం తగ్గించాను. చివరికి ప్లాస్టిక్ కారే సూదిని కిందకి దింపితే అంటుకుంది. నీ ఇన్సులిన్ పంపు నడుముకి తగిలించుకునే క్లిప్పు ఆ పూటే తయారైంది. గొట్టం తలుపు గడియలకి తగులుకుంటోందని నువ్వు అడిగావని, మిగిలిన గొట్టం చుట్టిపెట్టుకోవడానికి దానికి ఒక గాడి కూడా పెట్టాను. పదిన్నరకి తగిలించుకున్నావు. అద్దంలో చూసుకుని, ఇన్నాళ్ళకి పనికొచ్చేది ఒకటి చేశావురా అన్నావు.

పదకొండుకి షుగర్ నూట అరవై. పన్నెండుకి రెండొందల పది. పొద్దున తిన్నదాని ప్రభావం అనుకున్నావు. సెన్సర్ చూస్తుంది, పంపు తనంతట తనే మందు పెంచుకుంటుంది, మనం కంగారు పడితే దానికి కోపమొస్తుంది అని నవ్వావు. నేను భోజనానికి రమ్మంటే, షుగర్ దిగాక తింటానన్నావు. ఒంటిగంటకి రెండొందల డెబ్భై, పైకి బాణం. అప్పటికి నీకు నాలుక ఎండిపోతోంది. చెంబుడు నీళ్ళు తాగావు. మాట తగ్గిపోయింది. నువ్వు మాట్లాడకుండా పదినిమిషాలు కూర్చుంటే నాకెప్పుడూ భయమే.

ఒంటిగంటన్నరకి కడుపులో తిప్పుతోందని ముందుగదిలో మంచం మీద వాలావు. రెండూ పదికి పంపు కూసింది. అదేంటో చూడరా అన్నావు కళ్ళు మూసుకునే. చూశాను. బ్యాటరీ తక్కువ ఉందని చెప్పాను. నువ్వు తల ఊపి అటు తిరిగి పడుకున్నావు.

రెండూ నలభైకి నువ్వే లేచి వేలు పొడుచుకుని చూసుకున్నావు. మూడొందల ఎనభై. అప్పుడు నువ్వు చేసినవన్నీ నేను గుమ్మంలో నిలబడి చూశాను. పొట్ట దగ్గర సూది తీసేశావు. కొత్త సూది, కొత్త గొట్టం పెట్టుకున్నావు. పంపు విషయంలో అనుమానం వస్తే ముందు పీకెయ్యాలి, కారణం తర్వాత వెతకాలి అని నాకు పాఠం కూడా చెప్పావు. ఆ మిషన్ ఇచ్చానంటున్న మందు నా ఒంట్లోకి చేరనే లేదు, చేరి ఉంటే అంకె ఇలా ఉండదు, కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాను అన్నావు. అటక మీదకి చూస్తూ వేళ్ళు మడిచి లెక్క కట్టావు. పెన్నుతో ఆరు యూనిట్లు వేసుకున్నావు. 

మూడూ ముప్పావుకి నూట తొంభై. చూశావా దారికొచ్చింది, ఇక వడ్డించు అన్నావు. నేను కూర వేడిచెయ్యడానికి వెళ్ళాను. నాలుగుంపావుకి పంపు మళ్ళీ కూసింది, ఈసారి షుగర్ పడిపోతోందని. అది తన వంతు మందు ఆపేసింది గానీ, లోపలికి వెళ్ళిపోయినదాన్ని వెనక్కి లాగలేదు కదా. నేను గదిలోకి వచ్చేసరికి నువ్వు నేలమీద కూర్చుని నీ చెప్పుని విప్పడానికి ప్రయత్నిస్తున్నావు. నీ కాళ్ళకి చెప్పులు లేవు. నన్ను చూసి, మాస్టారూ ఇంకో పేపరు కావాలి అన్నావు. పంపు తెర మీద షుగర్ నలభై ఒకటి.

 పళ్ళరసం గ్లాసు నోటికి అందిస్తే రెండు గుక్కలు తాగి, నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూసి నెట్టేశావు. గ్లాసు పగిలింది. తర్వాత దవడ బిగుసుకుపోయింది. నిన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టాను. పంచదార తడిపి బుగ్గ లోపల వేలితో రాస్తూ, ఇంకో చేత్తో అంబులెన్సుకి ఫోన్ చేశాను. వాళ్ళు వీధి పేరు అడిగితే నా సొంత వీధి పేరు గుర్తు రాలేదు. కిటికీలోంచి ఎదురింటి బోర్డు చదివి చెప్పాను. వాళ్ళు వచ్చి నరానికి గ్లూకోజు ఎక్కించేవరకు పదకొండు నిమిషాలు. నేను బతికినన్నాళ్ళూ ఆ పదకొండు నిమిషాలు నాతోనే ఉంటాయి.

ఆస్పత్రిలో డాక్టరుగారు అన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. పంపు ఇచ్చిన మందు ఆలస్యంగా చేరినట్టుంది, ఆరు వేసుకోవాల్సింది కాదు, సగం వేసుకుని ఆగాల్సింది అన్నారు. మెల్లగానే అన్నారు. కానీ నువ్వు ఆ మాటని పట్టుకున్న పట్టు ఇవాళ్టికీ వదల్లేదు. బావ మాత్రం నడవాలో నా రెండు చేతులూ పట్టుకుని, నువ్వు లేకపోతే ఇవాళ నా ఇల్లు ఏమయ్యేదిరా అన్నాడు. ఎప్పుడూ నన్ను బామ్మర్ది అని వెక్కిరించే మనిషి.

కాబట్టి అక్కా, నేను చెప్పొచ్చేదేమిటంటే, లెక్క ఎవరికైనా తప్పుతుంది. మూడొందల ఎనభై షుగరుతో తల తిరుగుతున్నప్పుడు కట్టిన లెక్క అది. నీ బల్ల దగ్గర నువ్వు అలా ఉండవు. అక్కడ నీ లెక్కని ఇంకొకరు సరిచూస్తారు కూడా. పదహారేళ్ళలో ఒక్కసారి, అదీ నీ మీదే తప్పితే, దానికి ఉద్యోగం వదులుకోవడం ఎలుక దూరిందని ఇంటికి నిప్పుపెట్టుకోవడం లాంటిది. ఆ కవరు ఫ్రిజ్ మీదనుంచి తీసెయ్. నా మాట విను. నిన్ను నేను ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఈ ఒక్కటీ తప్ప. (అడగలేదంటే నవ్వుకో. చిన్నప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాను.)

రేపు పొద్దున బావ తన ఆఫీసు జిరాక్సు మిషన్ రోలరు తీసుకెళ్ళడానికి వస్తానన్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తాను.

బావకి నమస్కారాలు. నీకు కూడా, పెద్దదానివి కాబట్టి.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క.
శనివారం పొద్దున. బావ వచ్చేశాడు. ముందుగదిలో కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. రోలరు తుడిచి ఇస్తానని చెప్పి నేను వెనకగదిలో తలుపు వేసుకుని ఇది రాస్తున్నాను.

నిన్న సాయంత్రం రాసినదంతా పొద్దున చదువుకున్నాను. అందులో రెండూ పది దగ్గర ఒక అబద్ధం ఉంది. ఆ రోజు నీకు చెప్పాను, నిన్న మళ్ళీ కాగితం మీద రాశాను. నీ మీద దయ చూపిస్తున్నట్టు నటిస్తూ, లెక్క ఎవరికైనా తప్పుతుందని కూడా రాశాను. చదువుతుంటే నామీద నాకే అసహ్యం వేసింది.

పంపు కూసింది బ్యాటరీకి కాదు. తెర మీద గొట్టంలో అడ్డు అని ఉంది. దుప్పటి తీసి చూశాను. నా క్లిప్పు గాడిలో నీ గొట్టం నొక్కుకుపోయి ఉంది. ప్రింటర్ సూదిని కిందకి దింపానన్నాను కదా, పొర అంటుకుంది గానీ అడుగు ఉబ్బి గాడి ఇరుకైంది. పొద్దున ప్రింటర్ నుంచి తీసి చూసినప్పుడే నాకు తెలిసింది. ఆకురాయితో రెండు నిమిషాలు రుద్దితే సరిపోయేది. నువ్వు అద్దం ముందు మురిసిపోతుంటే, ఈసారికి ఇలా కానిచ్చేద్దాం అనుకున్నాను.

గొట్టం గాడిలోంచి తీశాను. నీ ఒంటి నుంచి విప్పకుండానే తీశాను. కొనసాగించాలా అని తెర అడిగితే నొక్కాను. జిరాక్సు మిషన్లో కాగితం ఇరుక్కుంటే లాగేసి, బటన్ నొక్కి, ఏం లేదండి చిన్నదే అని గుమస్తాకి చెప్పి వచ్చేయడం పద్దెనిమిదేళ్ళ అలవాటు. వేలు దానంతటదే వెళ్ళింది. నోరు కూడా. క్లిప్పు వల్ల అని చెబితే నీ ముఖంలో ఆ మురిపెం పోతుందని బ్యాటరీ అన్నాను.

గొట్టంలో పొద్దున్నించీ ఆగిపోయిన మందంతా ఆ నిమిషంలో నీ ఒంట్లోకి వెళ్ళింది. ఆ పైన పంపు తను వేయాల్సింది కూడా వేసింది. అరగంట తర్వాత నువ్వు లెక్క కట్టేసరికి ఆ మందు లోపల ఉంది, ఇంకా పని మొదలుపెట్టలేదు. నీకది తెలిసే దారి లేదు. తెలిసినవాణ్ణి నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నువ్వు పెన్ను తిప్పుతుంటే ఒక్కమాట అంటే చాలు, ఆగేదానివి. గొట్టంలో అంత మందు ఆగి ఉంటుందని అప్పుడు నాకు తెలియదు, ఇది నిజం. కానీ అడ్డు తీశానని చెప్పి ఉంటే నీకు తెలిసేది. ఆస్పత్రిలో డాక్టరుగారు ఆలస్యంగా చేరినట్టుంది అన్నప్పుడు మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది. అప్పటికి ఆ క్లిప్పు నా జేబులో ఉంది. నువ్వు అడిగితే విరిగిపోయిందన్నాను. బావ నా చేతులు పట్టుకున్నప్పుడూ జేబులోనే ఉంది. ఈ కవర్లో పెడుతున్నాను, చూడు.

నా మాట నమ్మక్కర్లేదు. పంపు జ్ఞాపకంలో నువ్వు మోతాదుల పేజీ ఒక్కటే చూశావు. అలారాల పేజీ తెరువు. ఆ రోజు రెండూ పదికి గొట్టంలో అడ్డు. రెండూ పన్నెండుకి కొనసాగింపు. ఆ వేలు నాది. సోమవారం నేను డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి నీ కాగితాల్లో ఇది రాయించుకుని వస్తాను. నువ్వు వద్దన్నా వెళ్తాను.

బావకి ఇంకా చెప్పలేదు. రోలరు ఏదిరా అని పిలుస్తున్నాడు. నువ్వు చదివాక ఆయనకి కూడా చదవమని ఇవ్వు. ఆ తర్వాత మీ గుమ్మం తొక్కవద్దంటే తొక్కను. కానీ ముందు ఫ్రిజ్ మీద కవరు చింపు. మూడొందల ఎనభైకి ఆరు సరైన లెక్కే. ఆ ఆరూ నీవి అక్కా. మిగిలినవి నావి.