పెద్దది, చిన్నది

జూన్ 3

నాన్న ఇవాళ కూడా నోరు విప్పలేదు. స్ట్రోక్ వచ్చాక కాలూ చెయ్యీ కొంచెం తేరుకున్నాయి గానీ మాట మాత్రం రాలేదు. స్పీచ్ డాక్టరమ్మ కార్డులు చూపించి ఇదేంటి, అదేంటి అని అడిగింది. గొడుగు. పిల్లి. యాపిల్. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నారు. మాట్లాడాలని ఆయనకే అనిపించాలమ్మా, ఆయనకు ఇష్టమైనదేదో ముందు పెట్టి చూడండి అంది వెళ్తూ. ఇలాగే వదిలేస్తే లోపల మిగిలిన మాటలు కూడా పోతాయట.

ఆయనకు ఇష్టమైనది వరండాలో దుమ్ము కొట్టుకుని ఉంది. రెండు సిలిండర్ల పాత మోటార్‌సైకిల్. దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయమని చెల్లి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పోరు.

జూన్ 5

ట్యాంకు కింది పెట్రోల్ కాక్ కట్టేసి, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే రెండు కార్బ్యురేటర్లూ, సిలిండర్‌కొకటి, ఊడదీశాను. ఎలాగంటే, గట్టిగా లాగితే వచ్చాయి. నాన్న కుర్చీ వరండాలో వేసి, ఆయన కళ్ల ముందే పాత దుప్పటి పరిచి విప్పాను. లోపల పెట్రోల్ ఎండిపోయి జిగురులా పట్టేసింది. కంపు. నాన్న కళ్లు మూసుకున్నారు. మూసుకోండి, నాకేం.

జూన్ 6

మాట్లాడారు!!

జెట్ అని చిన్న ఇత్తడి ముక్క. దాని మధ్యలో పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రం, పూర్తిగా మూసుకుపోయింది. నా డబ్బాలోంచి సూది తీసి అందులో దూర్చబోయాను. టైలర్‌ని, నాకు సూది తప్ప ఇంకేం తోస్తుంది? సూది వద్దే అని ఒక్క అరుపు. వెర్రిదానా అని కూడా. రంధ్రం పెద్దదైతే జెట్ పనికిరాదని తర్వాత సైగలు చేసి చెప్పారు. నేను వింటేగా! చంటిబిడ్డ మొదటి మాట విన్న తల్లిలా వరండా అంతా గంతులేశాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి ఏమైందంది. మా నాన్న నన్ను తిట్టారండీ అన్నాను. పాపం, ఓదార్చింది.

జూన్ 8

ప్లాన్ దొరికింది. తప్పు చేస్తే తిడతారు. తిట్టాలంటే మాట రావాలి. పెట్రోల్లో తేలే ఫ్లోట్ తలకిందులుగా పెట్టాను. తిరగెయ్యి అన్నారు. రబ్బరు రింగు పారెయ్యబోయాను. ఉంచు అన్నారు. స్క్రూడ్రైవర్ బదులు కత్తెర తీశాను. ఛీ అన్నారు. ఛీ కూడా మాటే.

జూన్ 9

కనిపెట్టేశారు. కావాలనే వాషర్ కింద పడేస్తే, నా మొహం చూసి నవ్వారు. మూతి ఒక పక్కే లేచింది. అయితేనేం.

జూన్ 12

జెట్లు పెట్రోల్లో నానబెట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, అన్నీ బిగించాం. బిగించాం అనే రాస్తున్నాను, బిగించాను అని కాదు. చివర్లో నాన్న చాలా కష్టపడి చెప్పారు. పెద్దది ఒకటిన్నర, చిన్నది రెండు. ఒక్కో కార్బ్యురేటర్‌కీ పక్కన రెండు స్క్రూలున్నాయి, పెద్దదొకటి, చిన్నదొకటి. అన్నీ పూర్తిగా బిగించి, పెద్దవి ఒకటిన్నర చుట్టు, చిన్నవి రెండు చుట్లు వెనక్కి తిప్పాను. రేపు చూడాలి తమాషా.

జూన్ 13

కిక్ కొట్టీ కొట్టీ కాలు పీకేసింది. స్టార్టవుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. నాన్న పెద్దది, పెద్దది అంటారు. నేను పెద్ద స్క్రూ తిప్పుతాను. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ పెద్దది అంటారు. ఏ పెద్దది నాన్నా, సరిగ్గా చెప్పి చావండి అని అరిచేశాను. నా నోరు పడిపోను! ఆయనకు మాట రాలేదు. అన్నం పెడితే కూడా నోరు తెరవలేదు.

జూన్ 14

మళ్లీ గోడ వైపే.

జూన్ 15

చెల్లి ఫోన్. ఆ బండి ఇంకా వదిలించుకోలేదా అంది. ఏడుపు ఆపుకోలేక అంతా చెప్పేశాను.  అటువైపు నుంచి పకపకా నవ్వు. ఓసి పిచ్చి అక్కా, ఎడమ కార్బ్యురేటర్ పెద్దది, కుడిది చిన్నది, నాన్న ఎప్పుడూ అలాగే అనేవారు, పక్కన టార్చి పట్టుకున్నది నేనేగా అంది. తిప్పాల్సింది చిన్న స్క్రూలేనట, గాలివి. ఎడమదానికి ఒకటిన్నర, కుడిదానికి రెండు. బండి నిలకడగా తిరిగేదాకా ఇక పెద్ద స్క్రూల జోలికే వెళ్లకూడదట. ఆ పేర్లేమిటే అన్నాను. మొద్దూ, మనింట్లో పెద్దదెవరు, చిన్నదెవరు అంది.

నేను అమ్మ పక్కన కూర్చుని కాజాలు కుడుతూ పెరిగాను. ఆ బండి నాన్నదీ చెల్లిదీ అనుకునేదాన్ని ఇన్నేళ్లూ. కుళ్లుకునేదాన్ని కూడా. దాన్లో నేనూ ఉన్నానట. ఫోన్ పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చాను.

పాత సామాన్లవాడి మాట చెల్లి మళ్లీ ఎత్తలేదు.

జూన్ 16, ఉదయం

నాన్నా, ఎడమది నేను, కుడిది చెల్లి, అంతేనా అని అడిగాను. ఇటు తిరిగారు. తనే కాళ్లతో చెప్పులు వెతుక్కున్నారు.

ఎడమది ఒకటిన్నర. కుడిది రెండు. కిక్ కొట్టాను. అందుకుంది, ఆగలేదు! వరండా కిటికీలు గలగలలాడాయి. నాన్న చేతికర్ర ఆనించుకుని, తల ఒక పక్కకు వంచి వింటున్నారు. విన్నారా నాన్నా, చూశారా నాన్నా, చెల్లికి ఫోన్ చేద్దామా, డాక్టరమ్మకి చెబుదామా అని నేను గుక్క తిప్పుకోకుండా ఒకటే మాట్లాడుతున్నాను. చెయ్యెత్తి నన్ను ఆపారు. ఒక మాట అన్నారు. ముందు చెల్లికి చెప్పి వచ్చి రాస్తాను.

జూన్ 16, కాసేపటికి

చిన్నది బాగానే ఉంది, పెద్దదే కాస్త ఎక్కువ వాగుతోంది అన్నారు.

బండి సంగతో, నా సంగతో అడగలేదు.