కేక వెయ్యని రోజు

అక్కా,

ఇందుమూలంగా యావన్మంది బంధుమిత్రులకూ తెలియజేయునది ఏమనగా, నీ ఒక్కగానొక్క తమ్ముడు గత మంగళవారం ఉదయం పదిన్నర గంటలకు కళ్ళజోడు ధరించెను. చూసినవాళ్ళు బాగా చదువుకున్న మనిషిలా ఉన్నాడన్నారు. నేను నోరు తెరిచేదాకా అలాగే అనుకున్నారు.

ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, నీ మరదలూ క్షేమం. అక్కడ నువ్వూ, బావా, బావ గురకా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇంతకంటే తిన్నగా నడవదు.

పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలడిగావు. వరసగా చెప్తా. మందులు వేసుకుంటున్నాను. ఇంటి కప్పు కారడం ఆగింది, వానలు ఆగాయి కాబట్టి. సిగరెట్లు పూర్తిగా మానేశాను. ఈ వాక్యం నీ మరదలు పక్కన నిలబడి రాయించింది. నాలుగోది మన నత్తగాడి గురించి. దానికి కాస్త టైం పడుతుంది.

"వాడు ఉన్నట్టుండి ఏసుప్రభువులో కలిశాడట, నిజమేనా? ఎవరైనా భయపెట్టి మార్చారా? అసలే మెతక మనిషి" అని రాశావు. నిజమే అక్కా. మూడు నెలలైంది. పోయిన నెలలో బాప్తిస్మం కూడా తీసుకున్నాడు.

నువ్వు కుట్టిన చొక్కాలేసుకుని మనింట్లో పెరిగినవాడు, ఇరవై ఆరేళ్ళుగా నాతో లిఫ్టులు బాగుచేస్తున్నవాడు. నత్త అని పేరు పెట్టింది నేనే కదా. ఒక స్క్రూ బిగిస్తే మూడుసార్లు చూస్తాడు. ఇంటికి తాళం వేశాక రెండుసార్లు వెనక్కొచ్చి లాగి చూస్తాడు. అలాంటివాడు ఇంత పెద్ద పని ఒక్క పూటలో ఎలా చేశాడా అని నీకు ఆశ్చర్యం. నిన్ను తప్పుపట్టను.

ఇప్పుడు పొద్దున్నే ఎదురైతే "వందనాలు" అంటాడు. ఎవరికిరా, లిఫ్టుకా అంటాను. నవ్వడు, కోప్పడడు. పేకాట మానేశాడు. భోజనం డబ్బా మూత తీసి కళ్ళు మూసుకుంటాడు. ఒకరోజు ఆ సందులో సగం డబ్బా ఖాళీ చేసి దాచేశాను. కళ్ళు తెరిచి, మిగిలిన సగం చూసి, నా వంక చూసి, నెమ్మదిగా తినడం మొదలెట్టాడు. సిగ్గేసి మిగతాది నేనే ముందు పెట్టాను. తిడితే బాగుండేది. ఇన్నేళ్ళూ వాడి తిట్లు తిని బతికినవాణ్ణి. దానికి బదులు "నీ కోసం ప్రార్థన చేస్తున్నా రా" అంటాడు. ఆ మాట విన్న రోజు నాకు ముద్ద దిగదు.

ఎందుకు దిగదో చెప్పాలంటే ముందు మా పని పద్ధతి చెప్పాలి. ఒకడు బిల్డింగు పైన మిషన్ గదిలో ఉంటాడు. ఒకడు అట్టడుగున గుంతలోకి దిగుతాడు. లిఫ్టు కదిపేముందు పైవాడు "దించుతున్నా" అని మూడుసార్లు కేకెయ్యాలి. కిందవాడు "దించు" అనాలి. ఆ మాట వినపడకుండా పైవాడు బటన్ ముట్టుకోకూడదు. మా ఇద్దరి ప్రాణాలూ ఇన్నేళ్ళూ ఆ రెండు మాటల మీదే నడిచాయి.

ఎవరైనా భయపెట్టారా అన్నావు కదా. భయపెట్టింది నేనే అక్కా.

పట్టపగలే. పాత బిల్డింగు, గుంత లోతు తక్కువ. వాడు కింద వంగి నూనె తుడుస్తున్నాడు. నేను కేకెయ్యకుండా బటన్ నొక్కాను. ఒక అంతస్తు దించి ఆపుదాం, వాడు హడిలిపోయి బూతులు తిడతాడు, సాయంత్రం దాకా చెప్పుకుని నవ్వుకుందాం. నా బుర్రలో ఉన్నది అంతే. ఆ బటన్ నొక్కినంతసేపే లిఫ్టు కదులుతుంది, వేలు తీస్తే ఆగుతుంది. వేలు తీశాను. ఆగలేదు.

పక్కనే, జానెడు దూరంలో ఎర్ర బటన్ ఉంది. అది నొక్కితే అన్నీ ఆగిపోతాయి. నా చెయ్యి లేవలేదు. చక్రం తిరుగుతోంది, తాళ్ళు జారుతున్నాయి, నేను సినిమా చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాను. కిందనుంచి చిన్న కేక కూడా లేదు. తర్వాత లిఫ్టు దానంతటదే ఆగిపోయింది.

తొమ్మిది అంతస్తులు ఎలా దిగానో గుర్తులేదు. తలుపు తెరిచి చూస్తే వాడు బోర్లా పడుకుని ఉన్నాడు, వీపుకీ లిఫ్టుకీ మధ్య బెత్తెడు. లాగాక కూర్చుని జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఆ పొద్దున వాళ్ళ పక్కవాటా కుట్టుమిషన్ ఆవిడ ఇచ్చిన ఏసుప్రభువు కరపత్రం. "నువ్వుంటే ఆపు అన్నాను రా. ఆపాడు" అన్నాడు. వాడి మొహం అంత తేటగా నేనెప్పుడూ చూళ్ళేదు. నేను, "మిషన్ దానంతటదే కదిలిందిరా" అన్నాను. నమ్మేశాడు.

మర్నాడు ఇంజినీరు వచ్చి ఆ బటన్ యాభైసార్లు నొక్కాడు. యాభైసార్లూ ఆగింది. పాతవి ఒక్కోసారి అతుక్కుని వాటంతటవే వదులుతాయని రాసి, బటన్ మార్పించి పోయాడు. ఆ కాగితం చదివితే నాకేమైనా తేలికపడిందా అంటే లేదు. కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నా ఆ తాళ్ళ చప్పుడే. పని మీద కాకపోతే ఏ బిల్డింగులోనైనా మెట్లెక్కే పోతున్నాను. నీ మరదలు నా మోకాళ్ళు బాగుపడ్డాయని సంబరపడుతోంది.

బాప్తిస్మం రోజు వాడు సాక్ష్యం చెప్తానని నన్నూ తీసుకెళ్ళాడు. గోడౌను మీద హాలు, ప్లాస్టిక్ కుర్చీలు. పాస్టర్ గారు నన్ను లేపి, మీరు పైనే ఉన్నారు కదా తమ్ముడూ, చూసింది చెప్పండి అన్నారు. దానంతటదే కదిలింది, దానంతటదే ఆగింది అన్నాను. మొదటిది అబద్ధం, రెండోది నిజం. చివర్లో, దేవుడికి లిఫ్టు లైసెన్సు ఎవరిచ్చారో కనుక్కోవాలని ఒక జోకేస్తే పాస్టర్ గారు నవ్వాపుకోలేక మైకు వదిలేశారు.

ఆ మర్నాడు పనిలో వాడు గుంతలోకి దిగి, నేను నోరు తెరవకముందే "దించు" అన్నాడు. కేకెయ్యలేదు కదరా అన్నాను. "నువ్వు కేకేసేదాకా ఆగక్కర్లేదు రా. ఆపేవాడున్నాడు" అన్నాడు. తాళం రెండుసార్లు లాగి చూసే మనిషి అక్కా. నా అబద్ధాన్ని తలకింద పెట్టుకుని లిఫ్టు కింద పడుకుంటున్నాడు. రెండు రోజులు చూశాను. మూడోరోజు మెయిన్ ఆపేసి, గుంతలోకి దిగి, వాడి పక్కన కూర్చుని అంతా చెప్పేశాను.

వాడు నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. "నీ మొహం చూడగానే నాకు ఆ రోజే తెలుసురా కోతీ" అన్నాడు. ఇద్దరం ఏడ్చి, నవ్వి, టీ తాగాం. ఇప్పుడు అంతా మామూలే. నువ్వు బెంగపెట్టుకోకు.

ఇక్కడ సంతకం పెట్టబోయి ఆగాను.

పాస్టర్ గారు మైకు వదలలేదు. నేను జోకెయ్యలేదు. రెండు ముక్కలు చెప్పి కూర్చుంటే, నత్తగాడు అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. కౌగిలించుకున్నదీ, ముందే తెలుసన్నదీ, టీ తాగిందీ నేను అల్లినవి. గుంతలో కూర్చుని చెప్పింది మాత్రం నిజం.

వాడు అంతా విన్నాడు. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "అయితే ఆపింది నువ్వా?" అన్నాడు.

"కాదు."

"ఎర్ర బటన్?"

"నొక్కలేదు."

"మరి ఎవరు?"

తెలీదన్నాను. తలూపి, పైకెక్కి వెళ్ళిపోయాడు. మూడు వారాలుగా వేరే మెకానిక్‌తో పనిచేస్తున్నాడు. నాతో మాట్లాడడు; వందనాలూ, ప్రార్థనా అని పైన రాసినవి అంతకుముందటి మాటలు. ఆదివారాలు హాలుకి మానలేదని కుట్టుమిషన్ ఆవిడ చెప్పింది. నిన్న వాళ్ళు పనిచేసే చోటికి వెళ్ళి బయట నిలబడి విన్నాను. పైవాడి మూడో కేక అయ్యేదాకా వీడు నోరు విప్పలేదు. అది చాలు. నువ్వు వాడికి ఉత్తరం రాస్తే రాయి, నా తరఫున మాత్రం ఏమీ రాయకు.

అంతా మామూలే అని రాశానే, అది కూడా అల్లిందే. నా చెయ్యి ఎందుకు లేవలేదో మాత్రం ఏదీ అల్లలేదు. చాలా ప్రయత్నించాను, ఒక్కటీ రాలేదు.

ఇట్లు,
నువ్వు పెంచిన ఇద్దరిలో
అల్లరివాడు, నీ తమ్ముడు