పసుపు కొమ్ము పక్కన పెట్టి తీసిన ఫోటో

ఆర్మూర్, మంగళవారం రాత్రి

బర్రెకు తెలిసింది నాకు తెల్వలే. కాలేజీల బాటనీ చెప్పేదాన్ని నేను!

అంకాపూర్ల లక్ష్మి వదిన బర్రె మేతకని టార్పాలిన్ పరిచిన నీళ్ల గుంతల అజొల్లా అనే తేలే మొక్క పెంచుతది. పోయిన వారం కాలువల దొరికిన పచ్చటిదాన్ని ఫోటో తీసి పంపి, "గిది అజొల్లానేనా?" అని అడిగింది. "అవును వదినా, గుంతల వేస్కో" అన్న. ఫోటోల పక్కన ఏ వస్తువూ లేదు, సైజు ఎట్ల తెలుస్తది?

ఇయ్యాల పోతే వదిన ఒకటే నవ్వుడు. "నీ అజొల్లాకు మా బర్రె మూతి గూడ పెడ్తలేదు."

గుంతల మిగిలిన ఒక మొక్కను పసుపు కొమ్ము పక్కన పెట్టి, ఫోన్‌కు లెన్స్ తగిలించి చూసిన. మన దిక్కు అజొల్లా మొక్క గోరంతనే ఉంటది. దీని ఒక్క ఆకే కొమ్ముల సగముంది. జూమ్ చేస్తే ఆకు మీది నూగంత కొసలు కలిసిన చిన్న చిన్న కవ్వాలే! సాల్వీనియా. బయటి దేశంది, చూస్తుండంగనే నీళ్లను కప్పేస్తది. గా కవ్వాలు ఎంత ముద్దుగున్నయో, వంగి వంగి ఫోటోలు తీసుకుంటనే ఉన్న.

అప్పుడు యాదికొచ్చింది. "మిగిలిందంత ఏం చేసినవ్ వదినా?"

"పొద్దుగాల్నే తోడి ఊరి కుంటల పోసిన. మా బర్రె తినకున్నా ఎవ్వలదన్న తింటదని. నువ్వే మంచిదంటివి గదా!"

లెన్స్ సంచిల వేస్కొని ఇంటికొచ్చిన.

రేపు జల్లెడ పట్టుకొని కుంటల దిగాలె. ఒక్క ముక్క మిగిలినా... వదినకు నిజం గూడ చెప్పాలె, అదీ బర్రె ముందటనే.