టువాస్ నుంచి సర్పంచి కుర్చీకి

టువాస్, సింగపూర్
ఆదివారం

ప్రియమైన గంగాజలకు,

ఫోన్లో అయితే గదిలో అందరూ వింటారు, మనం 'తిన్నవా, పన్నవా' దాటి పోము. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. తీరిగ్గా చదువు.

మా యార్డుకు ఒక పెద్ద ఓడ రిపేరుకు వచ్చింది. డాక్‌లో నీళ్లన్నీ తోడేశాక అది నేల మీద నిలబడింది. దాని కింద కేబుళ్లు లాగుతూ తిరుగుతుంటే నేను ఏ లోకంలో ఉన్నానో నాకే తెలియదు. ఆ ఓడ ఇంజనీరు మారెక్ సారుది పోలండ్. మొన్న టీ తాగుతూ, "మా దేశంలో నీలాంటి యార్డు ఎలక్ట్రీషియనే ప్రెసిడెంటు అయ్యాడు, తెలుసా?" అన్నాడు. పేరు లెక్ వాలెసా. గ్దాన్‌స్క్ అనే ఊళ్లో ఓడల యార్డులో పని. పైవాళ్లకు ఎదురు తిరిగాడని తీసేశారు. నాలుగేళ్ల తర్వాత ఆ యార్డులో సమ్మె మొదలైతే, గోడ దూకి వెళ్లి ముందు నిలబడ్డాడట.

ఆ మాట విన్నప్పటినుంచి నేను నేల మీద లేను. పని అయ్యాక మమ్మల్ని గదులకు చేర్చే లారీలో కూర్చుని సముద్రం వైపు చూస్తూ గోడ దూకుతూనే ఉన్నాను. ఒక్కోసారి అది యార్డు గోడ, ఒక్కోసారి మన పంచాయతీ ఆఫీసు గోడ.

ఇంతలో మన సర్పంచి సీటు ఆడవాళ్లకు వచ్చిందని బసవయ్య మామ ఫోన్ చేశాడు. "నీ పెండ్లాంతోని నామినేషన్ ఏయిస్తం, గెలిచినంక నువ్వొచ్చి కుర్చీల కూసో" అన్నాడు. దేవుడే పంపినట్టుంది. నువ్వు సంతకం పెట్టు చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

కలల్లో తేలుతున్న
నీ తిరుమలేష్

*

ప్రియమైన మహతి బాపుకు,

నీ ఉత్తరం చదివాను. మన బిడ్డ మహతి కూడా చదివి, "బాపు గోడ దుంకుడేందే" అని ఒకటే నవ్వు.

నామినేషన్ వేశాను. కత్తెర గుర్తు వచ్చింది. బసవయ్య మామ రోజూ నన్ను ముందు నడిపిస్తాడు, మాటలు మాత్రం ఆయనవే. "నువ్వు దండం పెట్టు బిడ్డా, ముచ్చట మేం జెప్తం" అంటాడు. నిన్న పై వాడలో ఒకామె నీళ్ల సంగతి నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపే మామ, "తిరుమలేష్ అస్తుండు, అన్నీ జేస్తడు" అన్నాడు. ఆమె నా మొహం చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ బోరు మోటారు ఎందుకు కాలుతుందో, వాల్వు ఎవరు తిప్పుతారో నీకు తెలుసా? నువ్వు పోయినప్పటినుంచి బిందె పట్టుకుని నిలబడ్డది నేను.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ ఎలక్ట్రీషియన్ గోడ దూకుతుంటే ఆయన పెండ్లాం ఏం చేస్తోంది? మీ సారును కనుక్కో.

నీ
గంగాజల

*

టువాస్, ఆదివారం

ప్రియమైన గంగాజలకు,

నీ ప్రశ్న వినగానే మారెక్ సారు నవ్వాడు. ఆమె పేరు దనూతా. ఎనిమిది మంది పిల్లల తల్లి. ఆయన్ని సర్కారు నిర్బంధించినప్పుడు సంసారం ఈదింది ఆమే. ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది గానీ, దేశం దాటితే మళ్లీ రానివ్వరేమోనని ఆయన పోలేదు. ఆమె ఓస్లోకు పోయి, ఆయన మాటలు చదివి, బహుమతి తీసుకొచ్చింది. తర్వాత ఆయన ప్రెసిడెంటు అయ్యాడు, అయిదేళ్లకు ఓడిపోయాడు. మళ్లీ ఒకసారి నిలబడితే నూటికి ఒక్క ఓటే వచ్చిందట. "గోడ దూకడం వేరు, కుర్చీలో కూర్చోవడం వేరు" అన్నాడు సారు.

నా మనసు మాత్రం ఓస్లో దగ్గరే ఆగిపోయింది. నువ్వు పట్టుచీర కట్టుకుని మైకు ముందు నా మాటలు చదువుతున్నట్టే కనబడుతోంది. ఆఖరి మీటింగు కోసం రాసి పంపుతున్నాను, అట్లాగే చదువు.

ఇంకో మాట. పని మానేస్తున్నానని రాసిచ్చాను. పర్మిట్ రద్దవుతుంది, మళ్లీ రానిస్తారో లేదో తెలియదు. ఓట్లయిన తర్వాతి వారానికి టికెట్ తీసుకున్నాను. భయం, సంతోషం రెండూ కలిసి అన్నం సహించడం లేదు.

వచ్చేస్తున్న
నీ తిరుమలేష్

*

ప్రియమైన మహతి బాపుకు,

గెలిచాను. ఫోన్లో ఆ అరుపుల్లో నీకేమీ వినిపించలేదు, అందుకే కుదురుగా రాస్తున్నాను.

మీటింగులో నీ కాగితం తీసి చదివాను. సముద్రం, ఓడ, గోడ, అన్నీ ఎంత బాగా రాశావో. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందు కూర్చున్న ఆదెమ్మ అత్త మాత్రం, "ఆయన ముచ్చట మంచిగనే ఉన్నది గని బిడ్డా, నువ్వేం జేస్తవో చెప్పు" అంది. కాగితం మడిచాను. నీళ్ల గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. మామ మైకు అందుకోబోయాడు, ఇవ్వలేదు.

లెక్క తేలగానే డప్పులతో మనింటికి వచ్చారు. వాకిట్లో ఫ్లెక్సీ కట్టారు, అందులో నువ్వు నిలువెత్తున ఉన్నావు, నేను ఓ మూలన ఉన్నాను. మామ గెలుపు దండ తెచ్చి నీ ఫోటోకు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మీ అమ్మ చూసి గుండె బాదుకుంది. "నా కొడుకు బతికుండంగనే ఫోటోకు దండేస్తరా?" అని ఏడ్చింది. డప్పులు ఆగిపోయాయి. తప్పు తెలిసింది గానీ, ఆ దండ తీసి ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. నేనే పోయి తీసి నా మెడలో వేసుకున్నాను.

"తిరుమలేష్ అచ్చేదాక ఉంచుకో బిడ్డా" అన్నాడు మామ.

"ఆయనకు ఇంకోటి తెద్దం మామా, ఇది నాది" అన్నాను.

నువ్వు విమానం ఎక్కకముందే ఇది చెప్పాలి. వెనక్కి పోయే దారి మూసుకుని వస్తున్నావని తెలుసు, నాకూ భయంగానే ఉంది. కానీ పంచాయతీ ఆఫీసు కుర్చీలో నేనే కూర్చుంటాను. నాకు చేతకాకపోతే ఊరే దించుతుంది. కోపం వస్తే నాలుగు రోజులు మాట్లాడకు.

అయినా రా. ఊరికి సర్పంచి దొరికింది. ఇన్నేళ్లుగా ఇంట్లో మొగుడే లేడు. ఆ పని ఖాళీగా ఉంది, దానికి రా.

ఎదురుచూసే
నీ గంగాజల