మా వదిన వాక్యూమ్ క్లీనరు ఎవరికి చెందాలో

కార్ల సీటు కవర్లు కుట్టే షాపు యజమానురాలినైన నేను, బజారంతా కత్తెరమ్మ అని పిలిచే నేను, అరవై ఆరో ఏట, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి ఏవీ లేవు. బుధవారం నాకు గుండె ఆపరేషను. భయపడాల్సిందేమీ లేదని డాక్టరు నవ్వుతూ చెప్పాడు. అంతగా నవ్వాడు కాబట్టే రాస్తున్నాను.

మతి స్థిమితం గురించి ఒక మాట. వకీలు గుమాస్తా నా ఆస్తులన్నీ టైపు చేసి తెచ్చాడు. అన్నిటికన్నా కింద, "పాత వాక్యూమ్ క్లీనరు ఒకటి, విలువ లేనిది" అని ఉంది. ఆ కాగితం అతని ఎదురుగానే చించేశాను. నాకు మతి లేదని అతను అనుకుంటే అనుకోనీ. నా తదనంతరం ఈ ఇంట్లో గొడవంటూ వస్తే ఆ ఒక్క వస్తువు దగ్గరే వస్తుంది. మిగతావి ముందు తేల్చేస్తాను.

1. షాపు, అందులోని కుట్టు మిషన్లు, రెక్సిన్ చుట్టలు, యావత్తు సామాను నా కూతురికి సర్వహక్కులతో చెందాలి. బడి మానకుండా, నా పక్కన కూర్చుని పని నేర్చుకున్న పిల్ల అది. కుట్టు నాకంటే నెమ్మది, కానీ విప్పాల్సిన పని రాదు. నా పెద్ద కత్తెరతో కాగితాలు కత్తిరిస్తే మాత్రం ఎక్కడున్నా ఊరుకోను.

2. నేను ఉంటున్న ఇల్లు కొడుక్కీ కూతురికీ చెరి సగం. నేను మంచం మీద కళ్ళు తెరుచుకుని పడుకుని ఉండగానే మధ్య గోడ ఎక్కడ వస్తుందో కొలిచి చూసుకున్నాడు నా కొడుకు. కొలిచిన టేపు షాపుది. తిరిగి ఇచ్చెయ్యాలి.

3. ఇంటి సామాన్లు అమ్మే షోరూములో పనిచేసే అదే కొడుకు, పోయినేడు నాకొక కొత్త రకం ఊడ్చే మిషన్ తెచ్చిపెట్టాడు. గుండ్రంగా పళ్ళెంలా ఉంటుంది. దానంతట అది తిరుగుతుంది, నీలం దీపం వెలిగిస్తుంది, సోఫా కిందికి దూరి అక్కడే ఆగిపోతుంది. పొట్ట ఆనించి పడుకుని చీపురుకట్టతో దాన్ని బయటికి లాగడం నా వంతు. ఇది వచ్చింది కదా, ఆ డొక్కు వాక్యూమ్ క్లీనరు పారేద్దామని వాడు ప్రతి నెలా అంటాడు. ఈ పళ్ళెం వాడిది వాడికే రాసిస్తున్నాను. డబ్బా కూడా దాచి ఉంచాను.

4. మా అల్లుడు మంచివాడు. కానీ పాత వస్తువు కనపడితే దానికి బల్బు బిగించాలనిపిస్తుంది. వాళ్ళింట్లో కుట్టు మిషన్ కాళ్ళ మీద ఒక దీపం, సైకిలు హ్యాండిలు మీద ఒక దీపం ఉన్నాయి. వదిన వాక్యూమ్ క్లీనర్ని పక్కకు ఒరిగించి, లోపల బల్బు ఎక్కడ పడుతుందో వేళ్ళతో చూస్తుంటే నా కంట పడ్డాడు. అతనికి కావలసింది దీపమే కాబట్టి నా మంచం పక్కనున్న టేబుల్ లైటు అతనికి ఇస్తున్నాను. దాంతో సరిపెట్టుకోవాలి.

5. ఇక అసలు సంగతి. ఈ వీలునామాలో "మిషన్" అంటే మోటారున్న ఒళ్ళు, గొట్టం, మూతి, లోపలి గుడ్డ సంచి, వైరు, అన్నీ కలిపి. ఇందులో ఏ ఒక్కటీ విడదీసి ఇంకొకరికి ఇవ్వడానికి ఎవరికీ హక్కు లేదు. విడదీస్తే ఏమవుతుందో ఏడో క్లాజులో ఉంది.

లేతాకుపచ్చ రంగు, రేకు ఒళ్ళు, అడుగున రెండు జారుడు పట్టీలు. స్విచ్చి కాలితో నొక్కాలి. నొక్కగానే ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, ఆ తర్వాత ఎత్తుకుంటుంది. మా వదిన ఒక పెద్ద హోటల్లో గదులు తుడిచే పనిలో చేరి, చివరికి ఆ పనివాళ్ళందరి మీదా సూపర్‌వైజరుగా రిటైరైంది. రిటైరయ్యే రోజు ఏం కానుక కావాలని మేనేజరు అడిగాడట. చేతి గడియారం అడుగుతుందనుకున్నాడు. స్టోరు రూములో మూలపడ్డ ఈ మిషన్ని అడిగింది మా వదిన. తను పనిలో చేరినప్పుడు చేతికిచ్చింది దీన్నేనట.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం వదిన ఇల్లంతా మిషన్ వేసేది. మా అన్నయ్య, అంటే వదిన భర్త, ప్రెస్సులో అచ్చు యంత్రం నడిపేవాడు. సెలవు రోజున హాల్లో కుర్చీలో పేపరు చదువుతూ ఉండేవాడు. మిషన్ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి పేపరు దించకుండానే రెండు కాళ్ళూ పైకెత్తేవాడు. కింద శుభ్రమయ్యాక దించేవాడు. ఆవిడ పక్కకు జరగమనేది కాదు, ఈయన ఇక చాలు అనేవాడు కాదు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ముద్దుగా పిలుచుకోవడం నేను ఎప్పుడూ వినలేదు.

6. ఆ మిషన్ మీద నాకు హక్కు ఎలా వచ్చిందంటే: నా భర్త పోయాక పిల్లలిద్దరినీ పెట్టుకుని వదిన ఇంటికే వెళ్ళాను. ఏ పనీ రాదు. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. మిషన్ లోపలి సంచి చిరిగిందని, కొత్తది కుట్టిపెట్టమని వదిన నా ఒళ్ళో గుడ్డ పడేసింది. కుట్టాను. వేయగానే సూది రంధ్రాల్లోంచి దుమ్మంతా బయటికొచ్చి ఇద్దరి నెత్తినా పడింది. విప్పించి మళ్ళీ కుట్టించింది. మళ్ళీ కారింది. అంచు మడిచి, రెండు వరసలు కుట్టి, కుట్టు మీద మైనం రుద్దితే ఆగింది. అప్పటికి ఆవిడ నెత్తి ఎన్నిసార్లు కడుక్కుందో! ఈ షాపు ఆ సంచిలోంచి వచ్చింది. నాకు మా వదిన అంటే ప్రాణం. ఈ మాట ఆవిడ ఉండగా అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

తన తర్వాత మిషన్ ఆడపడుచుకేనని వదిన అందరి ముందూ చెప్పింది. అన్నయ్య పేపరు వెనక తల ఊపాడు. తర్వాత అడిగితే, తల ఊపింది పేపర్లో వార్తకట!

7. స్వాధీనం వచ్చిన విధం. వదిన పోయేనాటికి గొట్టం నా షాపులో ఉంది. మడత దగ్గర పగిలిందని, రెక్సిన్ పట్టీ వేయమని తనే పంపింది. పట్టీ వేయడం అయింది, తీసుకోవడానికి మనిషి లేదు. మిషన్ అన్నయ్య ఇంట్లో, గొట్టం నా దగ్గర. నేను వెళ్ళి వదిన మాట గుర్తుచేస్తే, ముందు గొట్టం ఇమ్మన్నాడు. మిషన్ ఇస్తే గొట్టం సంగతి చూద్దామన్నాను. దాదాపు ఏడాది ఇలాగే గడిచింది. ఒళ్ళు లేని గొట్టంతో నేనేం చేసుకుంటాను, గొట్టం లేని మిషన్‌తో తనేం చేసుకుంటాడు అని ఇద్దరిలో ఒక్కరమూ ఆలోచించలేదు. మొండితనంలో మా ఇంటివాళ్ళని మించినవాళ్ళు లేరు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కారు సీటు కొలతలకని వాళ్ళ వీధికి వెళ్ళాను. అన్నయ్య ఇంట్లోంచి మిషన్ మోత వినపడింది. గొట్టం లేకుండా ఏం ఊడుస్తున్నాడా అని కిటికీలోంచి చూశాను. మిషన్ హాలు మధ్యలో పెట్టి ఉంది. అన్నయ్య కుర్చీలో కూర్చుని, ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని, రెండు కాళ్ళూ ఎత్తి ఉన్నాడు. మిషన్ తెరిచిన నోట్లోకి కర్టెన్ అంచు పోయి ఇరుక్కుంది. మోటారు మూలుగుతోంది, మాడు వాసన వీధిలోకి వస్తోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి పరుగెత్తి ప్లగ్గు పీకాను. వదిన బతికుండగా ఒక్కనాడూ వేడెక్కని మిషన్ని పొయ్యిలో పెట్టినట్టు చేశావని నోటికొచ్చినట్టు తిట్టాను. దాన్ని ఎత్తుకుని ఆటోలో పెట్టుకుని తెచ్చేసుకున్నాను. అన్నయ్య అడ్డుపడలేదు. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే కాళ్ళు ఇంకా దించలేదు. ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. కోపంతో ఏడుస్తున్నానని ఆటో అతనికి చెప్పాను.

8. తర్వాతి ఆదివారం అన్నయ్య చంకలో పేపరుతో మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు పిలిచినా వచ్చేవాడు కాదు. హాల్లో కుర్చీలో కూర్చుని, మీ ఇంట్లో దుమ్మెక్కువ అన్నాడు. పొద్దున్నే తుడిచిన ఇల్లది! ఒళ్ళు మండి, చూపిస్తానుండమని మిషన్ తెచ్చి వేశాను. కుర్చీ దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళు లేచాయి.

అప్పటినుంచి ఒక్క ఆదివారం మానలేదు. నాకు జ్వరమున్నా సరే, కరెంటు లేకపోతే వచ్చేదాకా కూర్చునైనా సరే. చెల్లాయ్, ఒకసారి మిషన్ వెయ్యవే అని నోరు తెరిచి అడిగితే తన సొమ్మేం పోతుంది? అడగడు. దుమ్మెక్కువ అంటాడు. నేను విసుక్కుంటూ శుభ్రంగా ఉన్న నేలనే మళ్ళీ శుభ్రం చేస్తాను. కాళ్ళు దించాక కాఫీ తాగి వెళ్ళిపోతాడు. ఇన్నేళ్ళలో మా మధ్య వదిన పేరు ఒక్కసారీ రాలేదు. విసుగొస్తుంది, నిజంగానే విసుగొస్తుంది. కానీ వచ్చే ఆదివారం నేను ఆసుపత్రిలో ఉంటాను. ఆపరేషనని అన్నయ్యకు చెప్పలేదు, పరీక్షలన్నాను. తను వచ్చి కుర్చీలో కూర్చుని, మిషన్ వేసేవాళ్ళు లేక తిరిగి వెళ్ళిపోవడం తలుచుకుంటే నాకు ఆపరేషను కన్నా అదే బెంగగా ఉంది.

9. కాబట్టి ఐదో క్లాజులో చెప్పిన మిషన్, నేను కుట్టి పెట్టిన అదనపు సంచులతో సహా, నా తదనంతరం మా అన్నయ్యకు చెందాలి. వదిన నాకు ఇచ్చింది నిజం, అది నాది అన్నదీ నిజం. నాది కాబట్టే ఇస్తున్నాను. తను తిరిగి అడిగాడని కాదు. అన్నయ్య నాకంటే ముందు పోతే ఎవరికి అన్నది కూడా రాయాలని వకీలు పట్టుబట్టాడు. అలా అయితే కూతురికి. ఈ వాక్యం రాయడానికి నాకు చెయ్యి రాలేదని వకీలుకు తెలియాలి.

10. మిషన్ తోసే మనిషి కాళ్ళెత్తి కూర్చోలేడు. అందువల్ల ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య కుర్చీ చుట్టూ మిషన్ వేసే బాధ్యత నా కొడుకుది. ఈ క్లాజు నేను బతికుండగానే, వచ్చే ఆదివారం నుంచే మొదలవుతుంది. వీలునామాలో అలాంటివి కుదరవని, కోర్టులో నిలవదని వకీలు అన్నాడు. నేను కోర్టుకు చెప్పడం లేదు.

ఒరేయ్ పెద్దాడా, సరిగ్గా చదువు. వైరు పట్టుకుని లాగకు, ప్లగ్గు పట్టుకుని తియ్యి. గొట్టం మడవకు. కుర్చీకి ఎడమ పక్కనుంచి రా, మీ అత్తయ్య అలాగే వచ్చేది. మామయ్య కాళ్ళు లేస్తాయి. నవ్వకు. అక్కడ దుమ్మేం లేదని తెలివి చూపించకు, ఆ సంగతి మీ మామయ్యకూ తెలుసు. తనంతట తను కాళ్ళు దించేదాకా మూతిని కుర్చీ కింద తిప్పుతూనే ఉండు. ఒక్కోసారి చాలాసేపు దించడు. ఆ రోజుల్లో నీకు చెయ్యి నొప్పి పుడుతుంది, ఓర్చుకో. తర్వాత కాఫీ పెట్టి ఇవ్వు. ఎందుకిదంతా అని మామయ్యని మాత్రం అడగొద్దు.

11. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా కూతురిది. అన్న సాకులు చెబితే వినవద్దు.

సాక్షుల గురించి. సంతకాలకని ఇద్దరిని పిలిచాను. ఈరోజు ఆదివారం కాబట్టి అన్నయ్య కూడా వచ్చి, ఏం రాస్తున్నావు, నేనూ సాక్షి సంతకం పెడతానన్నాడు. ఆస్తి పొందేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదట. ఆ మాట చెబితే ఏం రాశానో తెలిసిపోతుందని, నీ సంతకం అక్కర్లేదని కసిరాను. అలిగి హాల్లోకి వెళ్ళాడు. పేపరు విప్పిన చప్పుడైంది. ఇల్లంతా దుమ్మేనని అక్కణ్ణుంచే అంటున్నాడు. ఇక్కడ సంతకం పెట్టేసి, వెళ్ళి మిషన్ వేయాలి.

తేదీ: నవంబరు పన్నెండు, ఆదివారం, మధ్యాహ్నం

సంతకం: కత్తెరమ్మ, సీటు కవర్ల షాపు

సాక్షులు:
1. మా షాపు పక్కన టైర్లకు పంక్చర్లు వేసే ఆయన
2. ఎదురింటి లెక్కల టీచరమ్మ