నాన్న తిథి విషయమై

మాంటెవీడియో, 9 మే 1978

చెల్లెలు పెర్లాకు అన్న ఆశీస్సులు. మోకాళ్ళు తప్ప నేను క్షేమం.

మన సంఘంవారు పెద్దలకోసం నడిపే యూదు చరిత్ర తరగతిలో చేరితినని తెలియజేయడమైనది. విద్యార్థుల సగటు వయసు డెబ్బై. నిన్నటి పాఠం తిథుల లెక్క. మన రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది గనుక, "మీ నాన్నగారు పోయింది పొద్దుగుంకక ముందా, తరవాతా?" అని పంతులమ్మ రాకెల్ అడిగింది. సాయంత్రం పోయారని మాత్రమే ఎరుగుదునన్నాను.

బేకరీ ఇసిడోరో ఊరుకోడు కదా. "తరవాతైతే ఇరవయ్యేళ్ళుగా ఒకరోజు ముందే ఆయన తిథి దీపం పెడుతున్నావన్నమాట. పాపం, ఆయనొచ్చేసరికి ఆరిపోతోందయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

తిథి ఈ నెలాఖరునే. అమ్మ ఆ సాయంత్రం ఊసెత్తదని ఎరుగుదును. నేరుగా అడగకు. అప్పటికి గదిలో లైటు వేశారా అని మాత్రం కనుక్కో. వంటింటి కప్పు కారడం ఆగిందా? నా ఉన్నికోటు బస్సులో పంపు.

అమ్మ కంటతడి పెడితే నా ప్రశ్న రద్దయినట్లు భావించవలెను. రెండు రోజులూ దీపం పెడతాను. నాన్నను ఒక రోజు అదనంగా తలుచుకున్నందుకు ఆక్షేపణ దాఖలు చేసేవారెవరూ లేరు.

అమ్మకు ముద్దులు.
బెర్నార్దో